అబ్బాజాన్ బరువు విషయంలో సవరణ

మార్కాపురం

రిజ్వానా ఆపాకు,

మేమంతా క్షేమం. అబ్బాజాన్ చిక్కారని పోయిన కార్డులో రాసిన శుభవార్తను విచారంతో ఉపసంహరించుకుంటున్నాను. అది ఉదయపు నడక ఫలితమేనని నిర్ధారించి, వీధంతా చాటి, ఆయనకు జిలేబీలతో సత్కారం కూడా చేశాము. నిన్న డాక్టరు రక్తపరీక్ష చూసి, "నడిస్తే మనిషి ఇంత తగ్గడు పెద్దాయనా, ఇది షుగర్ చేసిన పని" అన్నారు. ఇంటికి రాగానే అబ్బాజాన్ బూట్లు మూలకు విసిరి, "ఇంగ నడిచేదెందుకురా? వీధంతా నవ్వాల్నా?" అని మంచమెక్కారు.

బరువు తగ్గినా తగ్గకపోయినా షుగర్‌కు నడక తప్పదట. నా సిఫారసు ఇంట్లో చెల్లడం లేదు. నీ మాట వింటారు, వెంటనే ఫోన్ చెయ్యి. కొమరోలులో కొర్రలు దొరికితే బస్సులో పంపు. మీ బోరులో నీళ్లు పడ్డాయా?

బావగారికి సలాములు, పిల్లలకు దువాలు. ఫోనులో అబ్బాజాన్‌ను చిక్కారని మాత్రం దయచేసి అభినందించవద్దు.

అబ్రార్