గంగన్న బావి కాడ

దానియేలన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున చర్చిలో నీ పేర ప్రార్థన చేయించి, అట్నుంచి అటే పులివెందులలోని సర్కారు ఆఫీసుకు వెళ్లాను.

ఆ రోజు చేన్లో నీకు పాము కరిస్తే అంబులెన్సుకు ఫోన్ చేశాను. ఎక్కడో దూరపు పట్నంలో ఫోన్ ఎత్తిన అమ్మాయి అడ్రసు అడిగింది. "లింగాల దాటినాక గంగన్న బావి కాడమ్మా" అన్నాను. ఆ బావి పూడ్చి చీనీ చెట్లు పెట్టి ఎన్నేళ్లయిందో! అయినా ఆ చేనుకు మనకు ఇంకో పేరు తెలీదు. అంబులెన్సు వచ్చింది, లేని బావి కోసం దారులన్నీ వెతికింది. "వస్తాదిలే రా, ఏడ్వాకు" అన్నావు నువ్వు. ఆ తర్వాత నీకు నోరు పెగల్లేదు.

నువ్వు పోయినాక, ఫోన్ చేసిన చోటు అంబులెన్సు వాళ్లకు దానంతటదే కనబడేలా మిషన్లు పెట్టమని ఊరంతా సంతకాలు చేసి అర్జీ ఇచ్చాం. అది ఏమైందని ఇవాళ అడిగితే ఆఫీసరు తల కూడా ఎత్తలేదు.

"దుడ్లు పైనుంచి రావాలప్పా. అంతవరకు గుర్తులు సరిగా చెప్పుకోండి."

మాకున్న గుర్తులేమిటో ఆయనకేం తెలుసు? గంగన్న బావి అనడం ఊళ్లో ఇప్పుడు మానేశారు. నిన్న మన పక్క చేను ఆమె కూలోళ్లను కేకేసింది: "దానియేలు చేను కాడికి రాండి!"

రేపు అక్కడ ఇంకెవరైనా పడిపోతే ఫోన్లో నీ పేరే చెప్తారన్నా. అంబులెన్సు ఈసారి నిన్ను వెతుక్కుంటూ తిరుగుతుంది.

నీ తమ్ముడు