నీ బర్రె, ఉప్పు పాలు

బావా,

నువ్వు చదవవని తెలుసు. అయినా ఈ సంగతి నీకు గాక ఎవరికి రాసేది? నువ్వు పోయి ఈ పొద్దుకు ఏడాది. నీ బర్రె ఈనింది, దూడ బాగుండాది.

ఈనిన పదైదో నాడు బర్రె ఉచ్చ నెత్తురులా ఎర్రగా పోసింది. పరిగెత్తి అక్కకు చెప్తే, “పోరా, పసుపూ సున్నమూ కలిపి పోసింటావ్” అనింది. పోయిన ఈతప్పుడు మనిద్దరం ఆ పనే చేసి ఆమెను బెదరగొట్టినాం గదా! ఎన్ని ఒట్లు పెట్టినా నమ్మలేదు. నా తరఫున చెప్పను నువ్వు లేకపోతివి.

మరుసటి రోజు బర్రె లేవలేకపోయింది. నువ్వు బనగానపల్లె నుంచి దూడగా తోలుకొచ్చిన బర్రె. అక్క దాని మెడ పట్టుకోని కూచుండిపాయ. నేను ఆళ్లగడ్డలో బస్సెక్కి, నంద్యాల పోయి పశువుల డాక్టరును పట్టుకొచ్చినా.

“ఉత్త చొప్పే వేస్తిరి. ఉండే భాస్వరమంతా పాలల్లో పాయ. రక్తంలో అది తగ్గితే రక్తకణాలు పగిలి ఉచ్చ ఎర్రబడుతుంది” అని ఆయన నరానికి సూది వేసి, రోజూ తవుడు పెట్టమన్యాడు. మూడోనాటికి ఉచ్చ తేటపడింది. బర్రె లేచి, సాయం చేసిన నన్నే పొడవొచ్చింది.

ఈ పొద్దు అక్క నాకు లోటాడు పాలు తెచ్చిచ్చింది. గుటుక్కున మింగితే నోరంతా ఉప్పు!

“ఏంరా, తియ్యగుండాయా?” అని పడీపడీ నవ్వింది.

ఏడాదిగా ఆ నవ్వు వినలేదు బావా. లోటా అడుగు దాకా తాగేసినా.

నీ బామ్మర్ది