రబ్బరు చేపకు పడ్డ హమూర్

దోహా, 1977 అక్టోబరు

బాలవ్వకు రాజేశం రాసేది, ఇక్కడ ఎండలు తగ్గాయి, నేను బాగున్నాను.

క్యాంపులో పప్పు తప్ప ఏమీ పెట్టరని నేను రాస్తే, నేను తినేదాకా నువ్వూ చేప ముట్టనని ఒట్టు పెట్టుకున్నావట. తమ్ముడు హన్మాండ్లు రాశాడు. అందుకే ఈ కార్డు.

మొన్న శుక్రవారం మా క్రేన్ డ్రైవర్ పఠాన్ నన్ను సముద్రపు పాయ దగ్గరికి తీసుకుపోయాడు. వాళ్ల గాలానికి వానపాము ఉండదు. సీసం గుండున్న కొక్కేనికి రబ్బరు చేపపిల్లను గుచ్చుతారు. నేను మన గోదావరిలో వేసినట్టే వేసి కదలకుండా కూర్చున్నాను. "ఇస్‌మే జాన్ నహీ హై భాయ్, హాత్ హిలావ్" అన్నాడు పఠాన్. రబ్బరుకు ప్రాణం లేదు కదా, అడుగుకు దింపి మనమే ఎగరేస్తూ ఆడించాలట. మళ్లీ వేసే ముందు అలవాటు కొద్దీ ఎర మీద ఉమ్మేశాను. పఠాన్ కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే గాలం కర్ర వంగింది. మచ్చల హమూర్, మన కొర్రమట్టకు రెండింతలుంది.

పులుసు నేనే పెట్టాను. చింతపండు మాఫీ, అంటే ఇక్కడ లేదు, నిమ్మకాయ పిండాను. సెలవు మీద ఊరికి వచ్చిన మా క్యాంపు గంగన్న ఇక్కడికి తిరిగొచ్చేటప్పుడు ఇంత చింతపండు పంపు. బర్రె ఈనిందా? అటక మీది వలను ఎలుకలు కొట్టకుండా చూడు. అవ్వకు దండాలు, పిల్లలు చల్లగుండాలి.

హన్మాండ్లూ, ఈ ఆఖరి మాట మీ వదినకు గట్టిగా చదివి వినిపించు: "నేను తిన్న. ఇయ్యాల్నే చాపలు తెప్పించి వండు. తలకాయ నాకని తీసిపెట్టకు, నువ్వే తిను."