కర్టెన్లు కుట్టకు అక్కా

అక్కా, అందరం కులాసా. ఇంటి మరమ్మతుల్లో ఎవరికీ కాలూ చెయ్యీ విరగలేదు, బెంగపడకు.

వెనక గది చెక్కగోడలకి పసుపు రంగు వేయించానా, అయినా చీకటి కొట్టే. నిన్న వడ్రంగి పుచ్చిన పలక ఒకటి ఊడదీస్తే వెనకాల అద్దం! మూడు వైపులా కిటికీలేనే! ఇల్లు అమ్మినవాళ్లు చలికి మూసేశారట. "అమ్మా, మీరు కిటికీలకి రంగేయించారు" అని వడ్రంగి ఒకటే నవ్వు. పలకలన్నీ పీకించేశాను. ఇల్లంతా ఎండే! మా ఆయన పేపరుతో అక్కడే బైఠాయించారు.

పలకలు కనబడకుండా కట్టడానికి నిన్ను కుట్టమన్న కర్టెన్లు ఆపెయ్. గుడ్డ కత్తిరించేసి ఉంటే కుర్చీ దిండ్లకి గలీబులు కుట్టు. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఈ ఎండకి పంపించు.

చీకటి కొంప కొన్నానని వెక్కిరించిన బావగారికి నమస్కారాలు. వచ్చేటప్పుడు నల్ల కళ్లద్దాలు తెచ్చుకోమను.

నీ చెల్లి