ఆ దరఖాస్తు చింపేయండి

జాతీయ సేవ అధికారి గారికి నమస్కారం.

ఏడాది నిర్బంధ సేవ నుంచి మా అమ్మాయిని మినహాయించమని పోయిన నెల దరఖాస్తు పెట్టుకున్నాను. పద్దెనిమిదేళ్ల పిల్లచేత ఆసుపత్రిలో చాకిరీ చేయిస్తారా అని నాలుగు పేజీల్లో మిమ్మల్ని దులిపేశాను కూడా.

మొన్న పిల్ల ఆసుపత్రి నుంచి సెలవుకు ఇంటికొచ్చింది. మంచంపట్టిన మా అత్తగారిని నేను పక్కకు తిప్పబోతుంటే, "ఆగమ్మా, ముందు మోకాలు మడిచి, తర్వాత తిప్పాలి" అంటూ నన్ను జరిపి తనే తిప్పింది. మూడేళ్లుగా నా చేయి పడితే చాలు మూలిగే మనిషి కిక్కురుమనలేదు. "ఇన్నాళ్లూ ఎక్కడున్నావే నా తల్లీ?" అంది మనవరాలితో. నావంక చూడనైనా లేదు.

దయచేసి ఆ దరఖాస్తు చింపేయండి. పిల్లను ఏడాదీ ఉంచుకోండి.

ఒక్క సందేహం. తల్లులను కూడా చేర్చుకుంటారా? నాకు నలభై ఆరు.

ఇట్లు,
దాని తల్లి