రమణమ్మ చీర ముట్టుకోనివ్వద్దు

అక్కకు,

నీ చెల్లెలు పార్వతి దండాలు పెట్టి రాసేది. నీ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? బావ, పిల్లలు బాగున్నారా? నేను బాగానే ఉన్నాను. ఫోన్లో అయితే నాయన స్పీకరు పెడతాడు, అందుకే ఈ ఉత్తరం. చదివి పొయ్యిలో వేసెయ్.

పుణేలో వాన విడవడం లేదు. ఇందులో ఒక్క రోజు వాన మన చేనుకు పడితే చాలు కదా అనిపిస్తుంది. తిండికి లోటు లేదు గానీ సంగటి దొరకదు. వీలైతే అన్నంలో నంజుకోను కాస్త ఊరిబిండి పంపు.

నేనుండేది ఎలాంటి ఇల్లో నీకొక్కదానికే తెలుసు. ఒళ్లమ్ముకున్న డబ్బులో సగం మేడమ్‌ది. నా సగంలోంచే గది బాడుగ, తిండి, పోలీసుల మామూలు. మామూలు తిన్నవాళ్లే మళ్లీ పట్టుకుపోతారు. విడిపించిన ఖర్చు కూడా నా అప్పులోనే కలుస్తుంది. మొన్నొకడు డబ్బివ్వకుండా పోతూ కేసు పెట్టుకోమని నవ్వాడు. ఎక్కడ పెట్టను?

అయినా దీపావళికి అప్పు తీరిపోయేది అక్కా. పోయిన వారం నాయన ఫోన్ చేసి, "రమణమ్మ వచ్చినాది. మన చిన్నమ్మిక్కూడా నీ ఫ్యాక్టరీలోనే పనిప్పిస్తాదంట. అడ్వాన్సు ఇస్తే ఇంకో బోరు వేపిస్తా" అన్నాడు. ఎంత సంబరంగా అన్నాడో! బట్టల ఫ్యాక్టరీ అని నేను చెప్పిన అబద్ధమే చెల్లెలికి ఎర అయింది.

ఇక్కడి పద్ధతి నీకు తెలియదు. తన ఊరి నుంచి ఇంకో ఆడమనిషిని తెచ్చినదాని అప్పు కొట్టేస్తారు. రమణమ్మ నన్ను తెచ్చే బయటపడింది. మేడమ్ నన్నూ అడిగింది, నేను తేనన్నాను. అందుకే రమణమ్మ మళ్లీ మన గడప తొక్కింది, ఈసారి కమీషన్ కోసం.

నా అడ్వాన్సుతో వేసిన బోరులో దుమ్మే వచ్చింది. ఆ సంగతి చెప్పినా నాయన వినడు, చేతిలో డబ్బు పెడితేనే వింటాడు. కాబట్టి నిన్న మేడమ్ దగ్గర మళ్లీ అడ్వాన్సు తీసుకున్నాను. బావ ఖాతాలో పడుతుంది. ఫ్యాక్టరీ వాళ్లు లోను ఇచ్చారని చెప్పి నాయనకివ్వండి. చిన్నమ్మిని మాత్రం పంపొద్దనండి.

నీళ్లు పడవని నాకు తెలుసు. ఈ బోరులోనూ దుమ్మే వచ్చాక రమణమ్మ మళ్లీ వస్తుంది. అప్పటికి నా దగ్గర ఇచ్చేదేమీ ఉండదు. నాకు తెచ్చినట్టే ఆమె చీర, పూలు తెస్తే, వాటిని చిన్నమ్మిని ముట్టుకోనివ్వద్దు. నేను ముట్టుకున్నాను.

నాయనకు, పెద్దమ్మకు నా దండాలు. మీ దీవెనలే నాకు దిక్కు. దీపావళికి వస్తానన్నాను కదా, లీవు దొరకలేదని చెప్పు.

ఇట్లు,
నీ చెల్లెలు పార్వతి