దివానుగారి నూనె

మామ్మా,

నీ సంవత్సరీకం రోజునే నీ చిన్నకొడుకు, అదే మా బాబాయి, మన వంశవృక్షం ఆవిష్కరించాడు. గోడంత ఫ్లెక్సీ. నీ ఫొటో దాని వెనక్కి పోయింది.

రాజమండ్రిలో పాత జమీందారీ రికార్డులు తిరగేసి, మీ మావగారి తాత వెంకన్న, అక్కడి జమీందారుకి దివానని తేల్చాడట. ఫ్లెక్సీ మీద ఆయనకి తలపాగా, కత్తి కూడా పెట్టించాడు. ఆ జెరాక్సు నేనూ చూశాను. గొలుసుకట్టు రాతలో ఉన్నది దివాను కాదు, దివిటీ. పక్కనే 'నెలకు నూనె రెండు సోలలు' అని ఉంది.

"దివానుకి జీతం నూనేంటి బాబాయ్?" అని అడిగాను.

"పెద్దవాళ్ళు రోజూ తలంటుకునేవారమ్మా, నీకు తెలీదులే" అన్నాడు.

జమీందారు పల్లకీ ముందు వెంకన్న తాత దివిటీ పట్టుకు నడిచేవాడని నువ్వు ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేదానివి. ఆ కథ వినే తీరిక నీ కొడుక్కి ఏనాడూ లేదు.

ఉపన్యాసం చదువుతుండగా కరెంటు పోయింది. కాగితం కనబడక, "ఎవరైనా కాస్త లైటు పట్టండి" అన్నాడు దివానుగారి వారసుడు. ఎవరూ కదల్లేదు. నేనే లేచి ఫోను లైటు పట్టుకుని పక్కన నిలబడ్డాను.

మన ఇంటి పనే కదా.